మంత్రసాని చేయి, వైద్యుని చేయి

ఖమ్మము నుండి వరంగల్లు పోవు బాటపై తిరుమలాయపాలెమను మండల గ్రామము కలదు. ఉమ్మడి ఖమ్మము సీమకు తూర్పున భద్రాచలపు అడవులు, గోదావరి. ఈ ఊరున్న పడమటి వైపున మెట్టచేలు, చెరువులు. వానకై ఎదురుచూచుట ఇచటి రైతులకు తాతల నాటినుండి అలవాటు. 2017 జనవరి 31వ తేదీన భక్తరామదాసు ఎత్తిపోతల పథకము ప్రారంభమై పాలేరు జలాశయపు నీరు ఈ మెట్టకెక్కినది. ఆ నీటి కథ వేరు. మేము ఆ ఊరికి పోయినది మరియొక నీటి కథ కొరకు. స్త్రీల కార్యక్రమమునకై, పూర్వము పురుళ్లు పోసిన ఒక వృద్ధురాలి మాటలను ధ్వనిముద్రణము చేసికొనవలెనని మా సంకల్పము.

“అవ్వా, నీ చేతిమీద ఎందరు పుట్టినారు?” అని అడిగితిమి.

“లెక్క ఎవరు పెట్టిండ్రు బిడ్డా? ఈ వాడంత నా చేతిమీదనే పడ్డది” అని నవ్వెను. బొడ్డు దేనితో కోసెడిదానవని అడుగగా కొంతసేపు పలుకలేదు. పిదప మెల్లగా, “ఇంట్ల ఏదుంటే అది. కొడవలి. బ్లేడ్లు వచ్చినంక బ్లేడు. కొందరు పిల్లలు వారం తిరగక ముందే బిగుసుకపోయిండ్రు. గాలి సోకిందనుకున్నం” అనెను.

వారము తిరుగక మునుపే పసికందును బిగియబట్టు ఆ వ్యాధి ధనుర్వాతము. దాని బీజములు మట్టిలోను, పశువుల పేడలోను ఏండ్ల తరబడి చావకుండును. కొడవలికంటిన మట్టితో గాని, కోసిన బొడ్డుపై అద్దిన పేడతో గాని అవి శిశువు దేహమును చేరును. మూడవ దినము మొదలుకొని రెండు వారములలోపల దవడలు బిగిసి శిశువు పాలు కుడువలేకపోవును. పిమ్మట దేహమంతయు విల్లువలె వంగును. అవ్వ గాలి అనుకొన్నది ఈ బీజమునే. ఆమె ఆ బిడ్డలను ఎంత జాగ్రత్తగా పట్టినదో ఆమె మాటలోనే తెలియుచున్నది. కాని చేతులు సబ్బుతో రుద్దుకొమ్మనియు, కోయు పరికరమును మరుగునీటిలో వేయుమనియు ఆనాడు ఆమెకు చెప్పినవారు లేరు.

ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది ఆ చేతి చరిత్ర. మా తరములో పురుడు ఇంటినుండి ఆసుపత్రికి మారినది. మంత్రసాని చేయి తొలగి వైద్యుని చేయి, నర్సు చేయి వచ్చినవి. చేయి మారినంతమాత్రమున ప్రమాదము తొలగిపోయినదని అనుకొనుట పొరపాటు. ఆ పొరపాటు ఎంత పాతదో, ఎందరు తల్లులు దానికి బలియైరో చూడవలసియున్నది.

ప్రసూతిశాల అనునది పాశ్చాత్యులు మనకు తెచ్చిన వస్తువని తలచువారు కలరు. గుంటూరు సీమలో, కృష్ణాతీరమున, మందడము చెంతనున్న మల్కాపురమున ఒక శిలాస్తంభము కలదు. దానిపై శాసనము 1261వ సంవత్సరము నాటిది. కాకతి రుద్రమదేవి పాలనకాలమున గోళకీమఠాచార్యుడగు విశ్వేశ్వర శివాచార్యుడు తనకు లభించిన గ్రామముల ఆదాయమును మఠమునకు, విద్యాలయమునకు, అన్నసత్రమునకు వినియోగించుటతోబాటు ఆరోగ్యశాలకును, ప్రసూతిశాలకును కేటాయించెనని ఆ శాసనము తెలుపుచున్నది. నేటి ఖమ్మము సీమయు ఆ ఓరుగల్లు ఏలుబడిలోనిదే. పురుడు పోసికొనుటకు ఇల్లుగాక వేరొక చోటు ఉండవలెనను ఊహ తెలుగునేలకు ఏడువందల ఏండ్లకు పైబడిన ఊహయే.

శుభ్రతను గూర్చిన ఊహ అంతకన్న పాతది. సుశ్రుత సంహితలో పుండు గలవాని నివాసమును గూర్చి ఒక అధ్యాయము కలదు. ఇల్లు పరిశుభ్రముగా నుండవలెననియు, రోగి గోళ్లు, వెండ్రుకలు కురుచగా నుంచుకొనవలెననియు, ఆవాలు, వేపాకు, నేయి, ఉప్పు కలిపి దినమునకు రెండు పూటల చొప్పున పది దినములు ధూపము వేయవలెననియు అందు విధింపబడినది. ఆ ధూపము నిశాచరుల బాధనుండి రక్షణకని గ్రంథకర్త చెప్పెను. సూక్ష్మజీవులను మాట ఆనాటికి లేదు. అయినను, తెరచియున్న పుండు కడకు కంటికి కనపడనిదేదో వచ్చునను అనుమానము మాత్రము ఆయనకు కలదు.

ఈ అనుమానము కాలక్రమమున ఆచారమైనది. ఆచారమైనపుడు దాని ప్రయోజనము కొంత నిలిచి, కొంత చెడినది. మన ఇండ్లలో పురుడన్న మైల. బాలింతను వేరుగదిలో ఉంచెడివారు. ఇతరులు ఆమెను అంటరాదు. విన్నంతనే ఇది నేటి ఆసుపత్రులలో రోగిని ప్రత్యేకముగా ఉంచు పద్ధతివలె తోచును. కాని ఆ గదికి గాలి, వెలుతురు తగులకుండ మూసెడివారు. ఎట్లును మైలపడునవే గదాయని పాత గుడ్డలను, చినిగిన చాపలను అచటికి చేర్చెడివారు. అనగా దూరము పాటించిరి గాని శుభ్రత పాటింపలేదు. మరియొక సంగతి చెప్పక తప్పదు. పెక్కు గ్రామములలో మంత్రసానులు చాకలి, మంగలి, దళిత కుటుంబముల స్త్రీలు. మామూలు దినములలో గడప దాటనీయని ఇండ్లలోనికి పురిటినొప్పుల వేళ వారిని పిలిచెడివారు. పుట్టిన బిడ్డను మొదట అంటుకొన్నది వారి చేయియే. అంటు అను ఒక్క మాటతోనే మనము రోగమును, మనుష్యులను గూడ దూరముంచితిమి. రోగము మాత్రము దూరము కాలేదు.

ఆంగ్ల ప్రభుత్వ కాలమున స్థితి కొంత మారినది. 1844లో మద్రాసు ఎగ్మూరున ప్రసూతి వైద్యశాల ఏర్పడెను. ఆనాడు తెలుగు జిల్లాలనేకము మద్రాసు రాజధానిలోనివే. 1883లో గుంటూరు చేరిన అమెరికా వైద్యురాలు అన్నా సారా కుగ్లరు అచట స్త్రీలకును, శిశువులకును ఆసుపత్రి నెలకొల్పి, 1930లో ఆ ఊరనే కన్నుమూసెను. 1885లో స్త్రీలకు వైద్య సహాయము నందించుటకు డఫరిన్ నిధియు, 1903లో దేశీయ మంత్రసానులకు శిక్షణ నిచ్చుటకు విక్టోరియా స్మారక నిధియు ఏర్పడినవి. ఆ కాలపు నివేదికలలో మంత్రసాని అజ్ఞానమును గూర్చిన నిందలకు కొదువలేదు. ఆ నిందలో నిజము లేకపోలేదు. అయితే అదే శతాబ్దమున ఐరోపాలోని ప్రఖ్యాత వైద్యశాలలలో జరిగినదేమో తెలిసికొన్నచో, ఆ నిందను ఒక్క మంత్రసానిపై మోపుట న్యాయము కాదని తేలును.

ఆస్ట్రియా రాజధానియగు వియన్నా నగరమున ఒక మహా వైద్యశాల. అందు ప్రసూతి విభాగములు రెండు. మొదటిదానిలో వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసాని విద్య నేర్చు స్త్రీలు పురుళ్లు పోసెడివారు. 1846లో మొదటి విభాగమున ప్రసవించిన స్త్రీలలో నూటికి 11 మందికి పైగా సూతికాజ్వరముతో మరణించిరి. రెండవ విభాగమున నూటికి ముగ్గురైనను లేరు. ఈ సంగతి ఊరంతటికి తెలియును. మొదటి విభాగమున చేర్చవలదని గర్భవతులు మోకరిల్లి వేడుకొనెడివారట. అనగా, వైద్యుల చేతికంటె మంత్రసానుల చేయియే మేలని ఆ నగరపు బీదస్త్రీలు గ్రహించిరి. దానికి కారణము మాత్రము పండితులకు అంతుపట్టలేదు. గాలి దోషమనిరి, భయమనిరి, గుంపు ఎక్కువైనదనిరి.

ఆ విభాగమున సహాయకుడుగా నున్న ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను హంగేరీ యువకుడు దీనిని సహింపలేకపోయెను. 1847 మార్చిలో ఆయన మిత్రుడు, శవపరీక్షలు చేయు ఆచార్యుడు కొల్లెచ్కా, ఒక విద్యార్థి కత్తి మొన వ్రేలికి తగిలి జ్వరపడి మరణించెను. ఆ శవమున కానవచ్చిన లక్షణములు సూతికాజ్వరముతో మరణించిన తల్లుల లక్షణములే. అప్పుడు సెమ్మెల్‌వైసునకు విషయము బోధపడెను. మొదటి విభాగపు విద్యార్థులు ఉదయము శవములను కోసి, అవే చేతులతో వచ్చి ప్రసవించు స్త్రీలను పరీక్షించుచున్నారు. రెండవ విభాగపు స్త్రీలకు శవాగారముతో పనిలేదు. తల్లులను చంపుచున్నది వైద్యుని చేయి. ఆ వైద్యులలో తానును ఒకడు.

మే నెల నడుమ గది వాకిట క్లోరిన్ సున్నపు నీటి తొట్టి పెట్టించి, అందు చేతులు కడుగక ఎవ్వరును లోనికి పోరాదని ఆయన కట్టడి చేసెను. ఏప్రిలులో నూటికి 18గా నున్న మరణములు జూన్ నాటికి రెంటికి దిగినవి. 1848లో సంవత్సరమంతటికిని నూటికి ఇంచుమించు ఒక్కరే మరణించిరి. ఇంతటి ఫలము కనులయెదుట నున్నను పెద్దలు పలువురు దానిని అంగీకరింపలేదు. పెద్దమనిషి చేతులు మలినములనుట వారికి అవమానముగా తోచినది. సెమ్మెల్‌వైస్ కొలువు కోల్పోయెను. 1861లో గ్రంథము వ్రాసెను. ప్రత్యర్థులను పరుషముగా నిందించుచు లేఖలు ప్రచురించెను. తుదకు 1865లో పిచ్చాసుపత్రిలో, పుండు కుళ్లి, తాను జీవితమంతయు పోరాడిన విషముతోనే మరణించెను. ఆయన స్వభావములో మొండితనముండెను, తన వాదమును ఇతరులకు నచ్చజెప్పు నేర్పు లేకుండెను అని చరిత్రకారులందురు. కావచ్చును. కాని అంకెలు ఆయన పక్షమున నుండెను, అవి మొండివి కావు.

పిమ్మటి కథ త్వరగా నడచినది. 1867లో జోసెఫ్ లిస్టరు కార్బాలికామ్లముతో పుండ్లను కాపాడు పద్ధతిని ప్రకటించెను. 1879లో లూయీ పాశ్చరు సూతికాజ్వరమునకు కారణమగు పూసలదండవంటి సూక్ష్మజీవిని పారిసు వైద్య పరిషత్తులో బల్లపై గీసి చూపెను. అదే ఏట ఆయన సహచరుడు షాంబర్లాండు ఆటోక్లేవును నిర్మించెను. మన వంటింటి ప్రెషరు కుక్కరునకు అది చుట్టము. ఒత్తిడిలోని ఆవిరి 121 డిగ్రీలకు చేరి, మామూలు మరుగునీటికి లొంగని ధనుర్వాత బీజమును సైతము చంపును. రబ్బరు చేతితొడుగుల కథ విచిత్రమైనది. 1889 ప్రాంతమున అమెరికాలో హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు వాటిని చేయించినది రోగిని కాపాడుటకు కాదు. మందునీటిలో చేతులు ముంచి ముంచి చర్మము చెడిన తన నర్సును కాపాడుటకు. ఆమెయే పిదప ఆయన భార్యయైనది. రోగికి గూడ మేలు కలుగునని అందరును తెలిసికొన్నది తరువాత.

ఇట్లు చేయి, కత్తి, గుడ్డ, గది అన్నియు శుభ్రపడుచున్న కాలమున మందులు వచ్చినవి. 1935, 36 సంవత్సరములలో లండనునందలి క్వీన్ షార్లట్ ప్రసూతి వైద్యశాలలో కోల్‌బ్రూక్ అను వైద్యుడు ప్రాంటోసిల్ అను కొత్త మందును బాలింతలకిచ్చి సూతికాజ్వర మరణములను గణనీయముగా తగ్గించెను. తరువాత పెన్సిలిన్. ఆ వెనుక మన తెలుగువాని కృషి. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు తన అన్నదమ్ములనిద్దరిని స్ప్రూ అను వ్యాధికి కోల్పోయిన దుఃఖముతో వైద్యవిద్య చేపట్టెను. మద్రాసు వైద్య కళాశాలలో శస్త్రచికిత్సా మందిరమునకు ఖద్దరు అంగీ ధరించి పోయినందున ఆచార్యుని ఆగ్రహమునకు గురియై పెద్ద పట్టమునకు బదులు చిన్న పట్టము పొందెనని ప్రసిద్ధి. 1922లో అమెరికా చేరెను. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున ప్రవేశించెను. ఆయన నాయకత్వమున అచట పనిచేసిన డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక శిలీంధ్రమువంటి జీవినుండి తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అది మొదటిది. ఆ ఏటనే ఆగస్టు మాసమున సుబ్బారావు కన్నుమూసెను.

ధనుర్వాత బీజము దాగియుండు ఆ మట్టిలోననే దానివంటి సూక్ష్మజీవులను చంపు మందు దొరకుట సుబ్బారావు బృందము లోకమునకు చేసిన ఉపకారము. కాని ఆ మందులు వచ్చినపిమ్మట వైద్యలోకమునకు మరపు గలిగినదని మా అభిప్రాయము. సూది మందు ఉండగా సబ్బుతో పనియేమి అను భావము మెల్లగా పాకినది. 1950వ దశకమున ఆస్ట్రేలియాలో మొదలై పలు దేశముల ఆసుపత్రులలో, ముఖ్యముగా పసిపిల్లల గదులలో, పెన్సిలినునకు లొంగని స్టాఫిలోకాకస్ అను చీముపుట్టించు సూక్ష్మజీవి విజృంభించెను. 1961 నాటికి కొత్తగా వచ్చిన మెథిసిలినునకును లొంగనిది బ్రిటనులో కానవచ్చినది. మందు పనిచేయనపుడు మరల చేతుల మాట జ్ఞప్తికి వచ్చినది. 1959లో ఇంగ్లండున టార్కీ పట్టణపు ఆసుపత్రిలో, రోగులకు ఆసుపత్రినుండియే అంటు సోకకుండ చూచుట ఏకైక విధిగా ఒక నర్సును నియమించిరి. అట్టి ఉద్యోగమునకు అదియే నాంది యందురు. ఒక వైద్యుడు కాక ఒక నర్సు ఆ పనికి నియమింపబడుట గమనింపదగినది. వార్డులో ఎవరు చేతులు కడిగిరో, ఎవరు కడుగలేదో చూచునది ఆమెయే గదా.

మన నేలపై కథ వేరొక దారిని నడచినది. హైదరాబాదు సంస్థానమున మహమ్మారి, కలరా, మశూచి ప్రబలిన కాలమున 1915లో ఎర్రన్నగుట్టపై ఒక దిగ్బంధ వైద్యశాల నెలకొల్పిరి. అది 1923లో నల్లకుంటకు మారెను. ఇంగ్లీషున క్వారంటైన్ అను మాట ప్రజల నాలుకపై కోరంటి అయి, అది కోరంటి దవాఖానాగా నిలిచెను. దోమ వలన మలేరియా వ్యాపించునని 1897లో సికింద్రాబాదున కనుగొన్న రొనాల్డ్ రాస్ పేర నేడది సర్ రొనాల్డ్ రాస్ సంస్థ. పేరు ఎంత మారినను ముసలివారికి అది కోరంటియే. 2020లో కరోనా వచ్చినపుడు క్వారంటైన్ అను మాట విని అందరును కొత్తమాట అనుకొనిరి. నూరేండ్లుగా మన నాలుకపై నున్న మాటయే అది.

ఎడముగా నుంచుటలో మనవారు ఆరితేరిరి. ఇంటి పురుడును ఆసుపత్రికి తెచ్చుట మాత్రము ఆలస్యమైనది. 1949లో నిలోఫర్ రాకుమార్తె తన పరిచారిక ప్రసవమున మరణించుట చూచి కలతచెంది తల్లులకు, శిశువులకు ఆసుపత్రి కావలెనని పట్టుపట్టెను. ఆమె పేర ఆ ఆసుపత్రి 1953లో హైదరాబాదున తెరువబడెను. గ్రామములకై 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము మొదలై, దానితో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు వచ్చినవి. మంత్రసానులకు శిక్షణ నిచ్చి, మరుగునీరు, సబ్బు, కొత్త బ్లేడు గల సంచులను అందించిరి. ఐదు శుభ్రములని నేర్పిరి: చేతులు, పడక, బ్లేడు, బొడ్డు కట్టు దారము శుభ్రముగా నుండవలెను, కోసిన బొడ్డుపై ఏదియు పూయరాదు. గర్భిణులకు ధనుర్వాతపు టీకాలు వేసిరి. ఫలముగా 2003లో నాటి ఆంధ్రప్రదేశ్ తల్లీబిడ్డల ధనుర్వాతమును నిర్మూలించిన మొదటి రాష్ట్రముగా ధ్రువీకరింపబడెను. దేశమంతటికిని ఆ ధ్రువీకరణము లభించినది 2015లో. తిరుమలాయపాలెపు అవ్వ చెప్పిన బిగుసుకపోవు పిల్లలు నేడు అరుదైరి. ఇది చిన్న విజయము కాదు. ఏ సభలోను దీనికి చప్పట్లు మ్రోగినట్లు మేమెరుగము.

1998, 99 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి రాష్ట్రమున ఆసుపత్రులలో జరిగిన ప్రసవములు ఇంచుమించు సగము. 2019, 21 నాటి సర్వేలో తెలంగాణమున నూటికి 97. 2017 జూన్ మాసమున ప్రారంభమైన కేసీఆర్ కిట్ పథకమున ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవించిన తల్లికి మగబిడ్డయైన 12,000, ఆడబిడ్డయైన 13,000 రూపాయలు ఇచ్చుట దీనికి తోడ్పడినది. తల్లుల మరణములు తగ్గినవి. 2018, 20 నాటి లెక్కలలో లక్ష సజీవ జననములకు 43. పొగడదగిన మార్పు. కాని అదే సర్వేలోని మరియొక అంకె మమ్ము కలవరపెట్టినది. తెలంగాణమున జరిగిన ప్రసవములలో నూటికి 60.7 కడుపు కోసి తీసినవి. దేశములో ఇంతకు మించిన రాష్ట్రము లేదు. కోత అవసరమైనచోట ప్రాణదానమే. అయినను ప్రతి కోతయు ఒక పుండు. సుశ్రుతుడు ధూపము వేయించిన పుండు వంటిదే అది. ఇన్ని పుండ్లు ఒక్క కప్పుక్రింద చేరినచోట చేతుల శుభ్రత ఎంత కట్టుదిట్టముగా నుండవలెను!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారము, సంపన్న దేశముల ఆసుపత్రులలో చేరిన నూరుగురు రోగులలో ఏడుగురికి, మన వంటి దేశములలో పదునైదుగురికి, ఆసుపత్రిలోనే కొత్త అంటు సోకుచున్నది. సోకినవారిలో పదింట ఒకరు మరణించుచున్నారు. మా బంధువర్గములోనే ఒక బాలింత ఇట్లు పదునెనిమిది దినములు మంచము పట్టినది. ఊరును, ఆసుపత్రిని చెప్పుట మా ఉద్దేశము కాదు. ఆమెకు కట్టు మార్చిన పరిచారకుడు ప్రక్క మంచపు రోగికి కట్టు మార్చి, నడుమ చేతులు కడుగక వచ్చుట ఆమె తల్లి చూచినది. చూచియు మాటాడలేదు. “చదువుకొన్నవారు గదా, మనమెట్లు చెప్పుదుము” అని ఆమె మాతో అనెను. వియన్నా స్త్రీలు కనీసము మోకరిల్లి వేడుకొనిరి.

ఇక 2022 ఆగస్టు 25వ తేదీ. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నపు ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ ఒక్కదినమున 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసిరి. కొద్దిదినములలో వారిలో నలుగురు మరణించిరి. తక్కినవారిని హైదరాబాదు ఆసుపత్రులకు తరలించి కాపాడిరి. మరణములకు శస్త్రచికిత్సవేళ సోకిన సూక్ష్మజీవులే కారణమని విచారణలో తేలినది. వారు రోగులు కారు. ఆరోగ్యముగా నుండి, బిడ్డలను కని, ఇక చాలునని తమంత తాముగా నడచి వచ్చిన తల్లులు. సాయంత్రమునకు ఇంటికి పోవుదుమనుకొన్నవారు.

ఆ శస్త్రచికిత్సలో పొట్టపై చిన్న రంధ్రము చేసి దుర్భిణి గొట్టమును లోనికి పంపుదురు. ఆ గొట్టములోని కటకములు ఆవిరి వేడికి తట్టుకొనజాలనివగుటచే, దానిని ఒక రోగికిని మరియొక రోగికిని నడుమ గ్లూటరాల్డిహైడ్ అను ద్రావకమున కనీసము 20 నిమిషములు ముంచి, పిదప శుద్ధజలముతో కడుగవలెను. శ్రోతలు తామే లెక్కవేసి చూడవచ్చును. ఒక్క గొట్టమున్నచో గంటకు ముగ్గురికి మించి చేయరాదు. మూడున్నను తొమ్మండుగురే. సంఖ్య పెరిగినకొలది ముంచవలసిన కాలము తరిగిపోవును, తరుగకుండ చూచువాడు లేకపోయినచో. దేవికా బిశ్వాస్ వ్యాజ్యమున 2016 సెప్టెంబరు 14వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఇట్టి సామూహిక శిబిరములను మూడేండ్లలోపల నిలిపివేయవలెనని ఆదేశించెను. ఇబ్రహీంపట్నము ఆ గడువు ముగిసిన మూడేండ్లకు జరిగినది.

నియమములు లేవని ఎవ్వరు అనగలరు? 2015 మేలో కాయకల్ప పథకము వచ్చినది. శుభ్రముగా నుంచిన ప్రభుత్వ ఆసుపత్రులకు బహుమానములు ఇచ్చుచున్నారు. 2017లో ప్రసవపు గదుల కొరకు లక్ష్య పథకము, 2020 జనవరిలో అంటుల నివారణకు జాతీయ మార్గదర్శకములు వెలువడినవి. ఆ గ్రంథములు మా బల్లపై నున్నవి. చక్కని గ్రంథములు. రోగిని తాకుటకు ముందు, సూది గ్రుచ్చుట వంటి శుద్ధమైన పనికి ముందు, రక్తము మున్నగునవి తగిలిన పిదప, రోగిని తాకిన పిదప, రోగి పరిసరములను తాకిన పిదప అని చేతులు కడుగవలసిన ఐదు ఘట్టములను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే నిర్ణయించినది. ఒక నర్సు ముప్పదిమంది రోగులను చూచుచున్నచోట ఆ ఐదు ఘట్టములు దినమునకు ఎన్ని వందలగునో, వానికి ఎంత సబ్బు, ఎంత నీరు, ఎంత కాలము కావలెనో లెక్కగట్టి ఇచ్చినప్పుడే ఆ గ్రంథము గదిలోనికి అడుగుపెట్టినట్లు. సెమ్మెల్‌వైస్ తొట్టి పెట్టించిన పిదపనే కట్టడి చేసెను. తొట్టి లేని కట్టడి గోడమీది కాగితము.

తిరుమలాయపాలెమున అవ్వతో మాటలు ముగించి, మండల కేంద్రపు ప్రభుత్వ వైద్యశాలకు పోయితిమి. నర్సమ్మ మాటలను గూడ ముద్రించుకొనవలెనని కోరితిమి. “ఉండండి సార్, చేతులు కడుక్కుని వస్తాను” అని ఆమె గది మూలనున్న కొళాయి వద్దకు పోయెను. మా యంత్రము అప్పటికే తిరుగుచున్నది. ఆమె అరచేతులు, వ్రేళ్ల సందులు, బొటనవ్రేళ్లు, గోళ్లు ఒకటొకటిగా రుద్దుచుండ మేము నిలువబడి చూచితిమి. స్టూడియోకు వచ్చి విన్నపుడు, ఆ ముద్రణములో మాట ఏదియు లేక కేవలము కొళాయి నీటి చప్పుడు 45 సెకండ్లు వినవచ్చినది. రేడియోలో అంత మౌనము దోషమనియు, కత్తిరింపవలెననియు మా సాంకేతిక సహోద్యోగి అనెను. మొదట మేమును సరే అంటిమి. తరువాత అవ్వ మాటలను మరల ఒకసారి విని, ఆ చప్పుడును ఉన్నది ఉన్నట్లు ఉంచి, ఆమె మాటలకును నర్సమ్మ మాటలకును నడుమ ప్రసారము చేసితిమి.